ముందు గొంతు, తర్వాత పాట



రేడియో కోసం మాటలు రికార్డు చేసే గదిని స్టూడియో అంటారు. జనం పొద్దున్నే వెళ్లి చెమటోడ్చి వచ్చే గదిని కూడా ఇప్పుడు స్టూడియో అనే అంటున్నారు. పేరు ఒకటే గానీ, గదుల తీరు పూర్తిగా వేరు. రేడియో స్టూడియోలో గోడలకు చిల్లుల పలకలుంటాయి. నేల మీద తివాచీ ఉంటుంది. మనిషి మాట మైకుకు అందుతుంది, మిగిలిన దాన్ని గోడలు పీల్చేసుకుంటాయి. వ్యాయామం చేసే స్టూడియోలో ఒక గోడ నిండా అద్దం. ఇంకో గోడ నిండా గాజు కిటికీలు. పైన సిమెంటు శ్లాబు. అక్కడ మాట ఒక పట్టాన ఆగదు. అద్దానికి తగిలి వెనక్కి వస్తుంది, గాజుకు తగిలి మళ్లీ తిరుగుతుంది. మనవాళ్లు దాన్ని రీసౌండ్ అంటారు.

ఈవేళ ప్రసంగం ఆ రెండో గది గురించి. ఆ గదిలో పాట ఎంత ఉండాలి, నేర్పే మనిషి గొంతు ఎంత ఉండాలి అన్న సంగతి గురించి.

ఒక్కసారి ఊహించుకోండి. ఉదయం ఏడు గంటలు. కూకట్‌పల్లిలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో ఒక భవనం రెండో అంతస్తు. పాతిక మంది వరసల్లో నిలబడ్డారు. ముందు ట్రైనర్ అమ్మాయి. రెండు మూలల్లో రెండు పెద్ద స్పీకర్లు. తీన్మార్ దరువున్న సినిమా పాట మోగుతోంది. ఆ అమ్మాయి చెవికి తగిలించుకున్న మైకులో ఏదో చెప్పింది. ముందు వరస మోకాలు ఎత్తింది. మధ్య వరస మోచేయి వంచింది. వెనక వరసలో ఒకావిడ రెండూ మానేసి, "ఏంటి మేడమ్? ఏం వంచాలి?" అని అరిచింది. ఆ అరుపు కూడా ఎవరికీ వినపడలేదు.

మోకాలు, మోచేయి. ఈ రెండు మాటల్నీ పైకి అనుకుని చూడండి. రెండూ "మో" తోనే మొదలవుతాయి. ఆ "మో" గట్టిగా, గుండ్రంగా వస్తుంది. మోకాలా మోచెయ్యా అని తేల్చేవి మాత్రం తర్వాత వచ్చే క, ల, చ లాంటి హల్లులు. మాటలో బలమంతా అచ్చులది. అర్థాన్ని విడదీసేవి ఎక్కువగా హల్లులు. ఆ హల్లులేమో బలహీనమైన, పలచని, పైస్థాయి శబ్దాలు. తాళం చప్పుడు, గిటార్ గీత, పాడేవాళ్ల గొంతు కూడా సరిగ్గా ఆ పైస్థాయిలోనే తిరుగుతుంటాయి. పాట హోరెత్తితే ముందు పోయేవి హల్లులే. మిగిలేది "మో" ఒక్కటే. పాపం, వెనక వరస ఆవిడ తప్పేమీ లేదు.

ఇక్కడ ఎవరికైనా తోచే మందు ఒకటే. మైకు పెంచడం. పెంచగానే మైకు కీచుమంటుంది. స్పీకరులోంచి వచ్చిన శబ్దమే మళ్లీ మైకులోకి దూరి, మళ్లీ స్పీకరులోకి వెళ్లి, ఆ చక్రం ఆగకుండా తిరిగితే వచ్చే కూత అది. గబుక్కున మైకు తగ్గిస్తారు. ఇక మిగిలింది గొంతు చించుకోవడమే.

ఈ గొంతు చించుకోవడం మన చేతుల్లో ఉండదు. ఎతియెన్ లొంబార్ద్ అని ఫ్రాన్సులో ఒక చెవి, ముక్కు, గొంతు వైద్యుడు 1911లో దీని గురించి రాశాడు. మనిషి మాట్లాడుతుండగా చెవిలో హోరు పెడితే, తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. హోరు ఆపగానే మామూలు గొంతుకు దిగుతాడు. అడిగితే తన గొంతు మారిందనే తెలియదు. ఊళ్లో జాతర రోజున పక్కనున్న మనిషితో ఎలా మాట్లాడతామో గుర్తు చేసుకోండి. పాట పక్కన గంటసేపు నిలబడి నేర్పే మనిషికి రోజూ జాతరే.

దీని ఫలితం ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక నిజమైన కథ ఉంది. 1969లో అమెరికాలో జూడీ షెపర్డ్ మిసెట్ అనే నాట్యకారిణి జాజర్‌సైజ్ అని ఒక కొత్త తరగతి మొదలుపెట్టింది. నాట్యం, వ్యాయామం కలిపి, పాట పెట్టి, నవ్వుతూ చేయించేది. జనం విరగబడి వచ్చారు. తరగతులు పెరిగాయి. పాట మీద గొంతెత్తి చెప్పీ చెప్పీ కొన్నేళ్లకు ఆమె గొంతే పోయింది. ఒక్క మనిషి అన్ని తరగతులు చెప్పకూడదని వైద్యుడు హెచ్చరించాడు. అప్పుడామె తన శిష్యురాళ్లలో కొందరికి తర్ఫీదు ఇచ్చి వాళ్ల చేత నేర్పించడం మొదలుపెట్టింది. ఆ పద్ధతే తర్వాత ఎన్నో దేశాలకు వ్యాపించింది. కథ సుఖాంతమే గానీ, గొంతు పోగొట్టుకున్న ప్రతి ట్రైనర్‌కూ అలాంటి దారి దొరకదు. స్వరతంతువుల మీద కాయలు కాస్తే ఆ మనిషి బతుకుతెరువే ఆగిపోవచ్చు.

గొంతు సంగతి అది. చెవి సంగతి ఇంకా జాగ్రత్తగా వినాలి.

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఈ కొలతలో ఒక చిక్కుంది. కిలోల్లాగా, లీటర్లలాగా ఇది వరసగా పెరగదు. కేవలం 3 డెసిబెల్స్ పెరిగితే చాలు, చెవిలో పడే శక్తి రెట్టింపవుతుంది. మళ్లీ చెబుతున్న మాట: 3 పెరిగితే రెట్టింపు. అమెరికాలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు మించి ఉండొద్దంటుంది. 88 అయితే 4 గంటలే. అలా 3 పెరిగినప్పుడల్లా సమయం సగం అవుతుంది. 94 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది ఒక్క గంట.

ఒక్క గంట. అంటే సరిగ్గా ఒక బ్యాచ్.

ఇప్పుడు ఆ ట్రైనర్ అమ్మాయి దగ్గరికి మళ్లీ వద్దాం. బ్యాచ్ అయిపోగానే పాతిక మందీ సంచులు తీసుకుని ఇళ్లకు పోతారు. రెండో బ్యాచ్ వస్తుంది. ఆ అమ్మాయి మాత్రం అక్కడే ఉంటుంది. సాయంత్రం ఇంకో రెండు. సౌండ్ 94 దగ్గర ఉంటే, నాలుగు రోజులకు సరిపడే మోతాదును ఆమె చెవులు ఒక్క రోజులో తాగేస్తున్నాయి. చెవి లోపల శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలుంటాయి. ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. మనిషిలో అవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. వెంట్రుక ఊడితే మొలుస్తుంది, గోరు విరిగితే పెరుగుతుంది, ఇవి రావు. క్లాసు అయ్యాక ఇంటికి వెళ్లి పడుకున్నప్పుడు చెవిలో గుయ్‌మని మోగుతోందంటే, ఆ కణాలు దెబ్బతిన్నాయని చెవి చెబుతున్నట్టు.

94 అనేది భయపెట్టడానికి చెప్పిన అంకె కాదు. ఆస్ట్రేలియాలోని నేషనల్ అకౌస్టిక్ లేబొరేటరీస్ పరిశోధకులు వ్యాయామ తరగతుల్లో సౌండ్ కొలిచారు. 1997, 98లో ఒకసారి, 2009 నుంచి 2011 వరకు మరోసారి. జోరుగా సాగే తరగతుల్లో సగటున 93 డెసిబెల్స్ దగ్గర ఉంది. పదేళ్లు గడిచినా అది తగ్గలేదు. ఇంకో సంగతి కూడా తేలింది. హోరు ఎక్కువ కావాలని కోరుకునేది నేర్చుకునేవాళ్ల కన్నా నేర్పేవాళ్లే. ఆ హోరు ఊపునిస్తుందని వాళ్ల నమ్మకం. వచ్చినవాళ్లలో కొందరికి మాత్రం అది ఒత్తిడిగా ఉంది.

మరి ఊపు ఎక్కడ నుంచి వస్తుంది? ఇది అడగాల్సిన ప్రశ్నే. ఇంగ్లండులో లివర్‌పూల్ జాన్ మూర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు పన్నెండు మంది విద్యార్థుల్ని ఎక్సర్‌సైజ్ సైకిళ్ల మీద కూర్చోబెట్టి పాటలు వినిపించారు. ఒక రోజు మామూలు వేగంతో, ఒక రోజు పదో వంతు వేగం పెంచి, ఒక రోజు పదో వంతు తగ్గించి. కుర్రాళ్లకు ఆ సంగతి చెప్పలేదు. పాట వేగం పెరిగిన రోజున వాళ్లు ఎక్కువ దూరం తొక్కారు. తగ్గిన రోజున తక్కువ తొక్కారు. కాళ్లను లాగింది దరువు. కోలాటం ఆడినవాళ్లకు ఇది కొత్త కాదు. తాళం గతి పెరిగితే కర్రలు వాటంతటవే జోరందుకుంటాయి. అక్కడ స్పీకర్లే లేవు.

అయినా సౌండ్ తగ్గిస్తే పాట చప్పబడిపోయినట్టు ఉంటుందని ట్రైనర్లు అంటారు. ఆ మాటలో నిజముంది. 1933లో బెల్ లేబొరేటరీస్‌లో ఫ్లెచర్, మున్సన్ అనే ఇద్దరు దీని గుట్టు విప్పారు. మన చెవి కిందిస్థాయి శబ్దాల్ని, అంటే డప్పు, బాస్ లాంటివాటిని, సౌండ్ తక్కువున్నప్పుడు సరిగ్గా పట్టుకోలేదు. వాల్యూమ్ తగ్గించగానే ముందు మాయమయ్యేది డప్పు దెబ్బే. అందుకే ప్రాణం పోయినట్టు ఉంటుంది. దానికి మొత్తం వాల్యూమ్ పెంచక్కర్లేదు. బాస్ ఒక్కటే కొద్దిగా పెంచితే, తక్కువ సౌండ్‌లోనే దరువు తిరిగి వస్తుంది.

ఇప్పుడు అసలు పని. ఇవి గుర్తుంచుకోవాల్సిన నాలుగు మాటలు: ముందు గొంతు, తర్వాత పాట.

చాలాచోట్ల దీనికి తలకిందులుగా జరుగుతుంది. ముందు పాట పెడతారు, నచ్చినంత పెంచుతారు, తర్వాత దాని మీదికి గొంతును ఎక్కించబోతారు. ఎక్కదు. అలా కాకుండా, పాట పూర్తిగా ఆపేయండి. ట్రైనర్ హెడ్‌సెట్ మైకు పెట్టుకోవాలి. మైకు గుండు నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూల పక్కన, రెండు వేళ్ల దూరం లోపల ఉండాలి. ఎదురుగా ఉంటే ఊపిరి బుస్సున తగులుతుంది. దూరమైతే గది చప్పుడంతా లోపలికి వస్తుంది. ట్రైనర్ మామూలు గొంతుతో మాట్లాడాలి, అరవకూడదు. వెనక గోడ దగ్గర నిలబడిన మనిషికి "మోకాలు", "మోచేయి" విడివిడిగా స్పష్టంగా వినపడేదాకా మైకును పెంచండి. అక్కడ ఆగండి.

ఇప్పుడు పాటను కింద నుంచి మెల్లగా ఎత్తుకు రండి. ట్రైనర్ మాట్లాడుతూనే ఉండాలి. వెనక మనిషి వింటూనే ఉండాలి. ఎక్కడ హల్లులు మసకబారాయో, అక్కడి నుంచి ఒక మెట్టు వెనక్కి దించండి. పాటకు అదే హద్దు. ఆ హద్దు దగ్గర, సౌండ్ సరిచేసే మిక్సరు మీద ఒక రంగు టేపు ముక్క అంటించండి.

టేపు ఎందుకంటే, చెవిని నమ్మడానికి లేదు. హోరులో అరగంట గడిస్తే చెవి మొద్దుబారుతుంది. పాట తగ్గినట్టు అనిపిస్తుంది. చెయ్యి దానంతటదే మీట వైపు వెళుతుంది. మొదటి బ్యాచ్‌లో సరిపోయిన సౌండ్ మూడో బ్యాచ్‌కు చాలదనిపించేది ఇందుకే. టేపుకు అలసట లేదు.

మిక్సరులో ఇంకో చిన్న పని ఉంది. మైకు లైనులో అట్టడుగు బాస్‌ను కోసేయాలి. మనిషి మాటకు అది అక్కర్లేదు, అడుగుల దబదబలూ ఊపిరి బుసలూ అందులోనే ఉంటాయి. పాట లైనులో హల్లులు తిరిగే ఆ పైస్థాయిని, అంటే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉన్నదాన్ని, కొంచెం తగ్గించాలి. బస్సులో పక్కకు జరిగి చోటిచ్చినట్టు, పాట ఆ మేర జరిగి గొంతుకు చోటిస్తుంది. ఈ పని మీరు రేడియోలో రోజూ వింటూనే ఉన్నారు. అనౌన్సర్ మాట మొదలుపెట్టగానే వెనక సంగీతం వంగి, మాట అయిపోగానే మళ్లీ లేస్తుంది. కొన్ని మిక్సర్లలో ఈ సదుపాయం కూడా ఉంటుంది. మైకులో మాట వినపడగానే పాట తనంతట తానే తగ్గుతుంది.

పాటల తేడా కూడా చూసుకోవాలి. నలభై ఏళ్ల కిందటి ఇళయరాజా పాట రికార్డయిన సౌండ్ వేరు, నిన్నగాక మొన్న వచ్చిన మాస్ పాట వేరు. ఒకదాని వెనక ఒకటి పెడితే రెండోది మీదపడి కొట్టినట్టు ఉంటుంది. పాటలు వినే యాప్‌లలో చాలావాటికి నార్మలైజేషన్ అనే సెట్టింగ్ ఉంది. అది పెట్టుకుంటే అన్ని పాటలూ ఇంచుమించు ఒకే సౌండ్‌కు వస్తాయి.

ఇక స్పీకర్లు. దీపానికి దగ్గరగా కూర్చుంటే కళ్లు చెదురుతాయి, దూరంగా కూర్చుంటే అక్షరం కనపడదు. ముందు మూలల్లో రెండు పెద్ద స్పీకర్లు పెడితే జరిగేది ఇదే. వెనక వరసకు అందాలని పెంచితే ముందు వరస చెవులు పగులుతాయి. ఆ రెండు పెద్దవాటి బదులు నాలుగో ఆరో చిన్నవి గదంతా పరిచి, తల ఎత్తుకు పైన, కిందికి వంచి పెడితే ఒక్కొక్కటి మెల్లగా మాట్లాడినా చాలు. ఎవరూ స్పీకరుకు మరీ దగ్గర కాదు, మరీ దూరం కాదు. ఇంకొకటి. చాలా గదుల్లో స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి, ట్రైనర్ వాటి వెనకో పక్కనో నిలబడుతుంది. జనానికి హోరుగా ఉన్న పాట ఆమెకు పలచగా వినిపిస్తుంది. పాపం, అందుకే పెంచుతుంది. ఆమె వైపు తిప్పి ఒక చిన్న స్పీకరు పెడితే ఆ పెంచడం ఆగిపోతుంది.

ఇంత చేసినా కొన్ని గదులు మాట వినవు. అక్కడ తప్పు మైకు సెట్టుది కాదు, గదిది.

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియంలో ఒక ఉపన్యాసాల హాలు ఉండేది. లోపల ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒక మాట అంటే అయిదారు సెకన్లు గదిలో తిరుగుతూనే ఉండేది. దాన్ని బాగుచేయమని వాలెస్ సాబిన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. పగలు వీధి చప్పుడు. అందుకని అతను రాత్రుళ్లు పనిచేశాడు. దగ్గర్లోని సాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల పరుపులు మోయించుకొచ్చేవాడు. గదిలో కొన్ని పరచి, ఒక ఆర్గన్ గొట్టం ఊది, శబ్దం ఎన్ని సెకన్లకు చచ్చిపోతుందో గడియారం పట్టుకుని లెక్కపెట్టేవాడు. ఇంకొన్ని పరచి మళ్లీ ఊదేవాడు. తెల్లారేలోగా పరుపులన్నీ తిరిగి థియేటర్‌కు చేరాలి. అలా రాత్రుల తరబడి పరుపులు మోస్తే తేలిందేమిటంటే, గది ఎంత పెద్దది, అందులో మెత్తని సరుకు ఎంత ఉంది అన్న రెండింటి మీదే రీసౌండ్ ఆధారపడుతుంది. 1900లో తెరుచుకున్న బోస్టన్ సింఫనీ హాలు అతని లెక్కల ప్రకారమే కట్టారు.

ఆ పరుపుల పాఠం మన రెండో అంతస్తు గదికీ చెల్లుతుంది. అద్దానికి ఎదురు గోడకు మడతలున్న మందపాటి పరదా, శ్లాబు కింద దూది లాంటి ధ్వని పలకలు వేస్తే గది నెమ్మదిస్తుంది. గోడకు అతికించే గుడ్ల ట్రేలు మాత్రం పెద్దగా పనికిరావు, అవి చాలా పలచన. మనిషి ఒళ్లు, బట్టలు కూడా ధ్వనిని పీలుస్తాయి. కాబట్టి ఖాళీ గదిలో సరిచూసిన సౌండ్ నిండిన గదిలో మారుతుంది. టేపు అంటించే పని ఆదివారం ఖాళీగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, సోమవారం జనం మధ్య మరోసారి సరిచూసుకోవాలి. ఐఫోన్ ఉన్నవాళ్లకు నియోష్ సంస్థ చేసిన ఉచిత యాప్ ఉంది. గది మధ్యలో, నాలుగు మూలల్లో నిలబడి చూసుకోవచ్చు. క్లాసు సగటు 85 దగ్గర ఉంటే అందరి చెవులకూ ముప్పు బాగా తగ్గుతుంది.

అయితే గంటసేపూ పాట ఒకే మట్టంలో సాగాలని కాదు. మన పెళ్లిళ్లే చూడండి. సన్నాయి మెల్లగా సాగుతుంటుంది. పంతులుగారి మంత్రం, చుట్టాల మాటలు దాని పక్కనే వినిపిస్తుంటాయి. ముహూర్తం వేళకు "గట్టిమేళం, గట్టిమేళం" అని కేక. డోలు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మంగళసూత్రం పడుతుంది. మళ్లీ మేళం దిగుతుంది. ఆ నిమిషం ఒళ్లు జలదరించేది, అంతకుముందు మేళం మెల్లగా ఉంది కాబట్టే. క్లాసు కూడా అలా నడవొచ్చు. వార్మప్‌లో పాట కింద ఉండాలి, ఎందుకంటే అప్పుడే చెప్పాల్సింది ఎక్కువ. కొత్త స్టెప్పు నేర్పేటప్పుడు ఇంకా కింద. అందరికీ స్టెప్పు వచ్చేశాక, ఇక మాట అక్కర్లేనప్పుడు, రెండు మూడు నిమిషాలు టేపు దాకా వెళ్లనివ్వండి.

మాటే లేకుండా నేర్పే దారి కూడా ఉంది. కొలంబియాలోని కాలి నగరం నుంచి వచ్చిన బెటో పెరెజ్ మొదలుపెట్టిన జుంబాలో శిక్షకులు పెద్దగా మాట్లాడరు. చేత్తో చూపిస్తారు. కుడికి చెయ్యి చాపితే కుడి, వేళ్లు నాలుగు చూపిస్తే ఇంకో నాలుగు సార్లు. కోలాటంలో కోపు మారేముందు గురువు ఒక్క ఈల వేసినట్టే. మాట తగ్గితే గొంతు మిగులుతుంది, పాటను పెంచాల్సిన అవసరమూ తగ్గుతుంది.

చివరిగా గోడ అవతలి మనుషులు. మన దేశంలో 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. అంటే పొద్దున అయిదున్నర బ్యాచ్ చట్టం లెక్కలో రాత్రి బ్యాచే. ఇళ్లున్న చోట రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. మన స్థలం సరిహద్దు దగ్గర మన సౌండ్ దానికి 5 మించి దాటకూడదు. పాటలోని పైస్థాయిని తలుపులు, కిటికీలు చాలావరకు ఆపేస్తాయి. బాస్ మాత్రం ఆగదు. నేల గుండా, స్తంభం గుండా దిగి కింది వాళ్ల మంచం దాకా వెళుతుంది.

స్టూడియో నడిపేవాళ్లు ఒక పని చేయొచ్చు. అయిదున్నర బ్యాచ్ జరుగుతుండగా ఎవరో ఒకరు కింది అంతస్తు మెట్ల దగ్గరికి దిగి, రెయిలింగ్ మీద అరచెయ్యి పెట్టి నిమిషంపాటు నిలబడాలి. చేతికి దబ్ దబ్ మని తెలుస్తోందంటే కింది ఇంట్లో పసిపిల్లకూ తెలుస్తోంది. పైకి వెళ్లి బాస్ పెట్టెను నేల మీద నుంచి ఎత్తి, దాని కింద మందపాటి రబ్బరు దిమ్మలు వేయాలి. అప్పటికీ తెలుస్తుంటే ఆ బ్యాచ్‌కు బాస్ తీసేయాలి. ఆరు దాటాక మళ్లీ పెంచుకోవచ్చు, టేపు దాకా.